ఎసట్లో పడని బియ్యం

కొత్తగా డ్రిల్ మాస్టర్లుగా చేరిన ఇద్దరు ఆమధ్య మా ఇంటికి వచ్చారు. బడిలో స్కౌట్ దళం బాధ్యత తమ మీద పడిందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ అన్నారు. ముడులా, టెంట్లా, కవాతా, ముందు ఏది నేర్పాలని వాళ్ళ సందేహం. ముడులన్నీ ఇప్పుడు ఫోన్లోనే ఉన్నాయి, పిల్లలు మీకంటే ముందే నేర్చేసుకుంటారని చెప్పి, కాఫీ ఇప్పించి పంపాను. అసలు చెప్పాల్సింది చెప్పలేదని వాళ్ళు గేటు దాటాక అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

బళ్ళారి జిల్లాలో మొదట హచ్చొళ్ళిలోనూ, తర్వాత చాలాకాలం కంప్లిలోనూ పనిచేశాను. మోకాళ్ళు అరిగిపోయి వయసు నిండకముందే ఉద్యోగం మానుకున్నాను. పరుగెత్తలేని డ్రిల్ మాస్టరును పిల్లలు మన్నించినా ఎండ మన్నించదు. వీడ్కోలు సభలో చాలామంది నా గురించి మంచిమాటలు చెప్పారు. అందులో రెండు మాటలు నిజం కావు. ఒకటి, నా దళంలో అందరి బియ్యమూ ఒకే కుండలో ఉడికాయన్నది. రెండోది, మా దళంలోని రేణుకమ్మ గొప్ప భక్తురాలన్నది. ఆ రోజు మెడలో దండలున్నాయి. తల వంచుకుని కూర్చున్నాను. వినయం అనుకున్నారు.

ఎడమచెయ్యి

హచ్చొళ్ళిలో నా మొదటి దళానికి ఒక తాత తన మనవణ్ణి చేర్చడానికి తీసుకొచ్చాడు. పిల్లవాడి పేరు మరిచిపోయాను. తాత మాత్రం కళ్ళకు కట్టినట్టున్నాడు. తలకు రుమాలు, భుజాన గళ్ళ తువ్వాలు, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని బడి వరండా ఎక్కాడు. నేను శిక్షణలో నేర్చుకున్నట్టే నిటారుగా నిలబడి, చిరునవ్వుతో ఎడమచెయ్యి చాచాను. స్కౌట్లు ఎక్కడివాళ్ళయినా ఎడమచేత్తోనే చెయ్యి కలుపుతారు. అది నాకు తెలుసు. తాతకు తెలియదు.

ఆయన నా చెయ్యి చూశాడు, నా మొహం చూశాడు.

"ఏందప్పా ఇది? కడుక్కునే చెయ్యి తెచ్చి నా చేతిలో పెడ్తాండావు? మీ అమ్మ నీకేమీ నేర్పలేదా?"

మనవణ్ణి లాక్కుని దిగి వెళ్ళిపోయాడు. సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద నిలబడే చెప్పుకొచ్చాను. పూర్వం యుద్ధాల్లో కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో డాలు ఉండేవనీ, ఎడమచెయ్యి ఇవ్వాలంటే డాలు కింద పెట్టాలనీ, నిన్ను నమ్మాను కాబట్టే డాలు పక్కన పెట్టానని ఆ చేతికి అర్థమనీ.

తాత తల ఊపాడు.

"ముందరే చెప్పాల కదప్పా. చెప్పకుండా చేస్తే మర్యాద గూడా తిట్టు మాదిరే ఉంటాది." తర్వాత నవ్వాడు. "సరే, నీ డాలు ఆ మూల పెట్టి కూకో. మజ్జిగ తాగుదువు."

ఆ తర్వాత సంతలో ఎవరు కనబడినా ఆయన ఎడమచెయ్యి చాచేవాడు. "కొత్త మర్యాదప్పా, మిలిట్రీది" అనేవాడట. మనవడికంటే తాతే మంచి స్కౌటు అయ్యాడు.

ముందే చెప్పాలన్న పాఠం నేను బాగా నేర్చుకున్నాను. ఎంత బాగా అంటే, దేనికైనా నమ్మదగిన కారణం తయారుచేసి చెప్పగలిగేంత. ఆ నేర్పు తర్వాత ఏం చేసిందో చెబుతాను.

ఇల్లంతా రావాలి

కంప్లిలో మా హెడ్మాస్టరు నంజుండప్ప కన్నడం మనిషి. తెలుగు పిల్లలతో తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడేవాడు. నేను చూసిన అధికారుల్లో స్కౌట్ దళం అంటే పరేడ్ కాదని తెలిసినవాడు ఆయనొక్కడే. మిగతావాళ్ళకు మంత్రులొచ్చినప్పుడు ఎండలో వరసగా నిలబెట్టడానికి యూనిఫారం పిల్లలు కావాలి. నేనూ నిలబెట్టాను. మీరూ నిలబెడతారు. కనీసం నీడనున్న వైపు నిలబెట్టండి.

ఒకసారి నా దళంలో చురుకైన పిల్లవాడు ఉన్నట్టుండి రావడం మానేశాడు. హెడ్మాస్టరు ఎందుకో చూసి రమ్మంటే వాళ్ళింటికి వెళ్ళాను. నేను వాడి మెడలో కట్టిన స్కార్ఫును వాళ్ళమ్మ మసిగుడ్డ చేసి, దాంతో పొయ్యి మీది గిన్నె దించుతోంది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి నంజుండప్పకు చెబితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"మేష్ట్రే, పిల్లవాణ్ణి ఒక్కణ్ణే చేర్చుకోబ్యాడ. మనెమంది అంతా రానీ. అమ్మ, అప్ప, అవ్వ, ఇంట్లో ఎవరుంటే వాళ్ళు. ఇల్లు చేరకుంటే పిల్ల నిలవదు."

అలా మా దళంలోకి పిల్లలు కాకుండా కుటుంబాలు చేరడం మొదలైంది. నెలకొక ఆదివారం తుంగభద్ర ఒడ్డున, అరటితోట పక్కనున్న ఖాళీ జాగాలో కలిసేవాళ్ళం. చేరే రోజుకు నంజుండప్పే ఒక పద్ధతి పెట్టాడు. గుర్రపునాడా ఆకారంలో అందరూ నిలబడాలి. పిల్లకు స్కార్ఫు తండ్రి కట్టాలి. ఆ ఇంటి బియ్యం తల్లి తెచ్చి, అందరి ఎదుటా ఎసట్లో పోయాలి. అందరిళ్ళ బియ్యమూ ఒకే కుండలో ఉడకాలి. అది కుండ కాదు, పెద్ద అల్యూమినియం డేగిసా. అయినా అందరం కుండ అనే అనేవాళ్ళం. వరిపంట ఊళ్ళో దీనికంటే పెద్ద ప్రమాణం ఏముంటుంది? పిల్లలు చదివే ప్రతిజ్ఞకంటే ఆ కుండలోంచి లేచే ఆవిరే నాకు ఎక్కువ అర్థమయ్యేది.

నంజుండప్ప బదిలీ అయి వెళ్ళిపోయాడు. కుండ నా చేతికొచ్చింది.

మూట

హనుమంతు రైస్‌మిల్లులో హమాలీ. భార్య రేణుకమ్మ నాట్లకూ కోతలకూ పోయేది. వాళ్ళ పిల్ల పార్వతి మా బళ్ళోనే చదివేది. వాళ్ళ వీధి ఊరికి ఏ చివరనుందో, వాళ్ళదే కులమో నేను రాయనక్కర్లేదు. మన జిల్లా వాళ్ళకు ఇంతవరకు చదివితేనే తెలిసిపోయి ఉంటుంది. పార్వతి తనంతట తానే వచ్చి, "సార్, మా ఇంట్లో అందరమూ వస్తాం, చేర్చుకుంటారా?" అని అడిగింది. నాకు భలే సంతోషమైంది. ఆ సంతోషం అబద్ధం కాదు. అది కూడా చెప్పాలి.

ఆ ఆదివారం ముగ్గురూ అందరికంటే ముందే వచ్చారు. హనుమంతు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రేణుకమ్మ చేతిలో ఉతికిన తెల్లగుడ్డలో కట్టిన బియ్యం మూట.

ఎసరు కాగుతుండగా మా దళంలోనే ఉన్న ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచాడు. ఆయనకు పొలాలున్నాయి, లారీలున్నాయి. మా క్యాంపులకు లారీ ఇచ్చేది ఆయనే. పేరు రాయను. ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.

"మేష్ట్రప్పా, అందరిదీ ఒకటే కుండలోనా?"

"ఎప్పుడూ అంతే కదప్పా."

"నాదేం లేదు. నేను ధాబాల్లో తింటా, యాడెవరు ఒండినారో ఎవరడుగుతారు? ఈ పొద్దు మా అమ్మ వచ్చిండాది, చూడు, ఆ కుర్చీలో. ఆమె కాలం వేరే. లేచి పోయిందంటే ఇంకా నాలుగిళ్ళోళ్ళు లేస్తారు." నా భుజం మీద చెయ్యి వేశాడు. "నేనేం చెప్పలే. నువ్వే చూసుకో."

నువ్వే చూసుకో. ఉద్యోగంలో మీకు ఈ మాట చాలాసార్లు వినబడుతుంది. పని మీ చేతుల్తో చేయించి, చేతులు తాము కడుక్కునేవాళ్ళ మాట అది. వినబడగానే ఆగండి. నేను ఆగలేదు. వచ్చే నెల సండూరు కొండల్లో, తారానగర్ దగ్గర క్యాంపు ఉంది. లారీ కావాలి. నాలుగిళ్ళు లేచిపోతే దళమే ఉండదు. ఇవన్నీ నా బుర్రలో గిర్రున తిరిగాయి. కారణం తయారైపోయింది.

రేణుకమ్మ వరసలో తన వంతు కోసం నిలబడి ఉంది. పార్వతి మెడలో స్కార్ఫు అప్పటికే పడింది. నేను దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి, చాలా మర్యాదగా చెప్పాను.

"రేణుకమ్మా, నీది రేషన్ దొడ్డుబియ్యం కదా. వీళ్ళవన్నీ సన్నబియ్యం. రెండూ ఒకే ఎసట్లో పోస్తే ఒకటి పలుకైతాది, ఇంకొకటి ముద్దైతాది. నీకు తెలియందేముంది? ఈసారికి పక్కన పెట్టు."

అందులో తప్పు పట్టుకోవడానికి ఏమీ లేదు. మన ఊళ్ళల్లో ఏ ఆడమనిషినడిగినా అవునంటుంది.

"దొడ్డుబియ్యం కాదు సార్" అంటూ ఆమె మూట ముడి విప్పింది. గుడ్డ మడత తెరుచుకుంది. లోపల సన్నబియ్యం. మల్లెమొగ్గల్లా తెల్లగా, రాయీ రప్పా లేకుండా చెరిగిన బియ్యం.

నేను చూశాను. నేను చూడడం ఆమె చూసింది.

ఈ వ్రాతంతా ఆ ఒక్క క్షణం కోసమే. అంతకుముందు చెప్పినదాన్ని పొరపాటని నాకు నేను సర్దిచెప్పుకోవచ్చు. ఆ బియ్యం కనబడ్డాక కూడా, "అయ్యో, నాకు తెలియలేదు, పొయ్యమ్మా" అనలేదు. నోట్లో ఆ మాట ఉంది. కుర్చీలో కూర్చున్న పెద్దావిడ ఇటే చూస్తోంది.

"ఈసారికి పెట్టు. మళ్ళీ చూద్దాం" అన్నాను.

"అట్లే కానీండి సార్."

ఆమె మూట మళ్ళీ కట్టింది. పార్వతి వాళ్ళమ్మ కొంగు పట్టుకుని నన్నే చూస్తోంది.

విస్తళ్ళు వేశాక రేణుకమ్మ కూర్చోలేదు. ఎవరో రమ్మంటే, "ఈ దినం నాకు ఒక్కపొద్దు" అంది.

కుర్చీలోని పెద్దావిడ అడిగింది. "ఏ దేవునికమ్మా?"

"అన్ని దేవుళ్ళకూ అమ్మా."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఒక్కపొద్దు

వాళ్ళు మళ్ళీ రారనుకున్నాను. నిజం చెప్పాలంటే, రాకుంటే నాకు సులువయ్యేది. మరుసటి నెల అందరికంటే ముందే వచ్చారు.

ఆ కుటుంబం మా దళానికి ఏం చేసిందో చెప్పకపోతే ఇది సగం వ్రాతే అవుతుంది. హనుమంతు టెంట్లు మోసేవాడు. నా మోకాళ్ళు మొరాయించడం మొదలయ్యాక నా సంచీ కూడా ఆయన భుజానికే ఎక్కింది. పెద్దవాళ్ళకిచ్చే స్కార్ఫు ఆయనకిస్తే దాన్ని మిల్లుకు కూడా కట్టుకుపోయేవాడు. తోటి హమాలీలు, "దారి ఇడవండ్రప్పా, ఆఫీసరు మూట దించుతాండాడు" అని ఎగతాళి చేసేవాళ్ళట. ఆయన సెల్యూట్ కొట్టి మరీ మూట దించేవాడట.

రేణుకమ్మ చిన్నపిల్లల్ని చూసుకునేది. ముళ్ళు తీసేది, జడలు వేసేది, నదిలో మోకాలి లోతు దాటి పోనిచ్చేది కాదు. లారీలాయన చిన్నకూతురు కూడా నిద్రొస్తే రేణుకమ్మ ఒళ్ళోనే పడుకునేది. ఎసరు దగ్గరికి మాత్రం ఆమె రాలేదు. మూట మళ్ళీ తేలేదు. కుండ పెట్టిన ప్రతిసారీ ఆమెకు ఒక్కపొద్దే. రానురాను అదొక కథైపోయింది. రేణుకమ్మ భక్తి, రేణుకమ్మ నిష్ఠ. ఒకసారి నేనూ అందరి ముందర, "మన దళం పుణ్యమంతా రేణుకమ్మదే" అన్నాను. ఆమె తల ఎత్తి నన్ను చూసి, మళ్ళీ పిల్ల జడ అల్లుకుంది.

అంత అవమానం మింగి ఎందుకు వస్తోందో నాకు మరుసటి ఏటి తారానగర్ క్యాంపులో తెలిసింది. వానాకాలం. కొండ మీద పొగమంచు కమ్మి పది అడుగుల్లో మనిషి కనబడలేదు. పెద్ద పిల్లలు పైకి వెళ్ళారు, వాళ్ళతో పార్వతి. మేం కింద టెంట్ల దగ్గర బెంగగా నిలబడ్డాం. ఉన్నట్టుండి మంచులోంచి విజిల్ వినిపించింది. పొడుగు ఊత, రెండు పొట్టి ఊతలు. అందరూ నా దగ్గరికి రండి అని మా దళంలో దానర్థం. కాసేపాగి మళ్ళీ అదే. తొణకలేదు, తొందర లేదు.

రేణుకమ్మ మొహం వెలిగిపోయింది.

"అది నా పిల్ల ఊదుతాండేది" అంది.

"ఎట్లా తెలుసు?"

"తెలుస్తాది సార్. ఇంట్లో ఊదీ ఊదీ సంపుతాది. మా ఈదిలో ఇంతవరకూ ఏ ఆడపిల్లా పిలిస్తే ఇంతమంది రాలేదు."

కాసేపటికి పిల్లలందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, గొలుసులా మంచులోంచి దిగివచ్చారు. ముందు పార్వతి. ఆ రాత్రి కూడా రేణుకమ్మ తినలేదు. నేను తిన్నాను.

పార్వతి షరతు

పార్వతి ఇప్పుడు కంప్లిలోనే ఒక చిన్న ప్రైవేటు బళ్ళో టీచరు. నేను ఉద్యోగం మానుకున్నాక దళాన్ని ఎవరు తీసుకుంటారని కుటుంబాల వాట్సాప్ గ్రూపులో అడిగితే, అందరూ ఆమె పేరే చెప్పారు. లారీలాయన కూడా. నేను పొంగిపోయి ఫోన్ చేశాను. ఆమె ఫోన్లో ఏమీ అనకుండా ఇంటికొచ్చింది.

"దళం నేను తీసుకుంటా సార్. కానీ కుండ పెట్టను."

"అదేంది పార్వతీ? మన దళమంటేనే కుండ కదా?"

"ఎవరిల్లు వాళ్ళ బాక్సు తెచ్చుకుంటారు. చాలు."

"ఎందుకు?"

ఆమె కుర్చీ అంచున కూర్చుని ఉంది. చిన్నప్పుడు నన్ను చూసినట్టే చూసింది.

"మా అమ్మకు ఒక్కపొద్దు లేదు సార్. ఎప్పుడూ లేదు. ప్రతి నెలా మీటింగ్ నుంచి ఇంటికి పోయినాంక, తలుపేసుకుని చల్లకూడు తింటాది. నేను తిని వచ్చింటా, కడుపు నిండా. ఆమెను చూస్తా కూర్చుంటా. మీకు తెలుసు కదా సార్?"

"తెలుసు" అన్నాను. ఆ ఒక్కమాట బయటికి రావడానికి అన్నాళ్ళు పట్టింది.

ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. "మీరు నాకు విజిల్ ఇచ్చినారు. అది మర్చిపోను. ఇదీ మర్చిపోలేను. రెండూ ఉండాయి, ఏం చేయాల్నో తెలీడంలేదు" అంది.

ఆమె వెళ్ళాక తేల్చుకున్నాను. కుండ ఆగిపోకూడదు. రేణుకమ్మ అందులోంచి తినాలి. అంతకంటే ముందు, జరిగిందేమిటో అందరికీ తెలియాలి.

మళ్ళీ అదే తప్పు

పార్వతి బాధ్యత తీసుకునే ఆదివారం నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. గుర్రపునాడా ఆకారంలో అందరూ నిలబడ్డారు. కొత్త కుటుంబాలు, పాత కుటుంబాలు. నేను చెప్పేశాను. రేణుకమ్మ తెచ్చిన బియ్యం సన్నబియ్యమేననీ, చూసి కూడా పోయనివ్వలేదనీ, ఆమెది భక్తి కాదు, నా పిరికితనం పెట్టిన ఉపవాసమనీ చెప్పాను. ఇంత నిజాయితీగా మాట్లాడుతున్నానని లోపల కొంచెం తృప్తిగా కూడా ఉంది. దాచను.

రేణుకమ్మ వరసలోంచి ముందుకొచ్చింది.

"ఏందప్పా ఇది? ఇంతమంది ముందర నా కూడు మాట ఎందుకు ఎత్తినావు? నేను ఆకలితో పడుండానని అందరికీ చాటాల్నా?" కొంగు భుజాన వేసుకుంది. "ఆ పొద్దు అందరి ముందర నా మూట ఆపినావు. ఈ పొద్దు అందరి ముందర నా మూట విప్పినావు. రెండుసార్లూ నన్నడగలే."

వెళ్ళిపోయింది. హనుమంతు నా వైపు చూసి, ఏం చెయ్యాలో తోచక, సెల్యూట్ కొట్టి ఆమె వెనకే నడిచాడు.

లారీలాయన నా పక్కకొచ్చాడు. తల్లి పోయింది, ఆయనకూ జుట్టు నెరిసింది. "నా పేరు యాడా తేలేదే మేష్ట్రూ. అడిగింది నేను కదా?"

"అడిగింది నువ్వు. చేసింది నేను."

ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

హచ్చొళ్ళి తాత అన్నమాట గుర్తొచ్చింది. ముందరే చెప్పాల కదప్పా. ఆయన పాఠంలో సగమే నేర్చుకున్నానని అప్పుడు తెలిసింది. ముందు చెప్పడం చాలదు. ముందు అడగాలి. పిల్లల దగ్గరైనా, వాళ్ళ ఇళ్ళవాళ్ళ దగ్గరైనా. ఈ ఉద్యోగంలో నాకు తెలిసిన జ్ఞానం మొత్తం ఇంతే. మీరు దీన్ని నాకంటే త్వరగా నేర్చుకోండి.

వాకిలి

ఆ వారంలోనే వాళ్ళింటికి వెళ్ళాను. అన్నాళ్ళ పరిచయంలో వాళ్ళ వీధిలో కాలు పెట్టడం అదే మొదటిసారి. అదొక్కటి చాలు నేనెలాంటి స్కౌట్ మాస్టరునో చెప్పడానికి. రేణుకమ్మ వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతోంది. కూర్చోమనలేదు. గడప పక్కన నేనే కూర్చున్నాను. మోకాళ్ళు పటపటమన్నాయి.

"ఆ చప్పుడేంది?" అంది తలెత్తకుండా.

"నా మోకాళ్ళు."

"నూనె రాసుకో."

నేను మాటలు వెతుక్కుంటున్నాను. ఆమే అంది.

"ఆ పొద్దు నేను తెచ్చిన బియ్యం యాడివో తెలుసునా నీకు?"

"తెలీదు."

"నిన్ను పక్కకు పిలిచినాడే, ఆయన చేనివే. నాట్లు నేనే ఏసినా, కోతా నేనే కోసినా. కూలికి వడ్లు కొలిచిచ్చినారు. ఈయన పనిచేసే మిల్లులోనే ఆడించినాం. అదే బియ్యం వాళ్ళమ్మ గూడా తెచ్చి ఎసట్లో పోసింది. నాది మాత్రం ఉడకదంటివి."

చెప్పడానికి కారణాలేవీ మిగల్లేదు. ఆమె నన్ను నువ్వంటోందని అప్పుడు గమనించాను. నేను ఆమెను మొదటి రోజునుంచీ నువ్వనే పిలిచాను. ఆమె ఎప్పుడూ మీరు అనేది.

"తప్పయిపోయింది రేణుకమ్మా. ఏం చేయమంటారో చెప్పండి. ఏమీ వద్దంటే అట్లే పోతా."

చేట ఆగింది. నా మాటలోని మార్పు విందో లేదో తెలియదు.

"కుండ ఆపొద్దని పార్వతికి చెప్తా. పిల్లోల్లకు అది బాగుండాది. వచ్చే నెల బియ్యం నేను తెస్తా. నువ్వే కడగాల. నువ్వే ఎసట్లో పొయ్యాల. మైకు పట్టుకుని మాట్లాడొద్దు. సుమ్మనె, నోరెత్తకుండా పొయ్యాల."

"అట్లే."

"గంజి వార్చడం వస్తాదా?"

"రాదు."

"నేర్చుకో."

ఉప్పు

నెల తిరిగింది. అరటాకుల మీద ఎండ పడుతోంది, నది మీద నుంచి గాలి వస్తోంది. పార్వతి విజిల్ ఊదింది. పొడుగు ఊత, రెండు పొట్టి ఊతలు. కుటుంబాలన్నీ చేరాయి. కొత్తగా చేరిన తల్లులు ఒక్కొక్కరే బియ్యం పోస్తున్నారు. రేణుకమ్మ వచ్చి నా చేతిలో మూట పెట్టింది. ఉతికిన తెల్లగుడ్డే.

నేను గొంతుక్కూర్చుని మూట విప్పి, బియ్యం గిన్నెలో పోసి కడగడం మొదలుపెట్టాను. కడుగునీళ్ళు పారబోస్తుంటే గింజలు కూడా ఇసకలోకి జారాయి.

"చూడు చూడు, సగం నదికే పెడ్తాండాడు" అంది రేణుకమ్మ. "ఇంట్లో ఎప్పుడన్నా ఒండినావా?"

"కాఫీ పెడతాను."

"పాపం మీ ఆడామె."

ఆడవాళ్ళందరూ నవ్వారు. లారీలాయన వచ్చి నా పక్కన కూర్చుని, అడగకుండానే ఇసకలో పడ్డ గింజలు ఏరసాగాడు. బియ్యం ఎసట్లో పోశాను. ఆవిరి మొహానికి కొట్టింది. నా కళ్ళు చెమ్మగిల్లితే ఆవిరేనని అందరూ అనుకునే వీలు దొరికింది.

గంజి నేనే వార్చాను, ఒక పక్క హనుమంతు పట్టుకుంటే. కొంత అన్నం ముద్దయింది, అడుగున కొంచెం మాడింది. విస్తళ్ళు పరిచారు. పార్వతి వడ్డిస్తూ వాళ్ళమ్మ దగ్గరికొచ్చి ఆగింది. వడ్డించనా అని అడగలేదు. నిలబడింది, అంతే. రేణుకమ్మ తన పక్కనున్న చిన్నపిల్ల జడ సరిచేసి, కొంగు దోపుకుని, విస్తరి ముందు కూర్చుంది. పార్వతి అన్నం పెట్టింది. చారు పోసింది.

నేను రేణుకమ్మ పక్కనే కూర్చున్నాను. అటువైపు చూడకుండా ఉండడానికి నేనే తినడం మొదలుపెట్టాను. ఆమె కలుపుకుంది, ముద్ద చేసింది, నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది.

"చారులో ఉప్పు సాలలే" అంది.

ఉప్పు డబ్బా నాకు దగ్గర్లోనే ఉంది. నా కుడిచెయ్యి ఎంగిలి. ఎడమచేత్తో డబ్బా అందించాను. ఆమె కుడిచెయ్యీ ఎంగిలే. ఎడమచేత్తో తీసుకుంది.